మజ్జిగ కుండతో సహా

ఎదురింటి కోటేశ్వరమ్మ మరిది మునిసిపల్ ఆఫీసులో బిల్లు కలెక్టరు. అతను వదినతో అన్నాడట. ఆ వదిన పంపు దగ్గర తిరుపతమ్మతో అన్నదట. తిరుపతమ్మ అన్నం వడ్డిస్తూ మొగుడితో అన్నది.

"మీ బొమ్మల బంగళాని ఊరవతల గుట్టమీదికి మారుస్తున్నారంట గదా? జనం తాకిడికి ఆగట్లేదంట. తొక్కిసలాటలో ఎవరన్నా పోతే ఎవడు జవాబు చెప్పాలని పైవాళ్లకి ఒకటే బెంగంట. మొన్న ఎవరో ముసలాయన మీ గుమ్మంలోనే ఊపిరాడక పడిపోయాడని కూడా చెప్పింది కోటేశ్వరమ్మ."

పానకాలరావు నోటిదాకా తెచ్చిన గోంగూర ముద్దని మళ్లీ కంచంలో పెట్టాడు.

ముసలాయన పడిపోయిన మాట నిజమే. ఎండదెబ్బ తగిలి రోడ్డుమీద పడితే, బంగళా పనిమనిషి పేరమ్మ లోపలికి చేర్చి మొహాన నీళ్లు కొట్టింది. ఆయన లేచి కూచుని, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, రిజిస్టరులో సంతకం పెట్టి మరీ వెళ్లాడు. చెయ్యి వణుకుతున్న మనిషి చేత ఆ సంతకం పెట్టించింది పానకాలరావే. ఇహ జనం తాకిడంటారా, బొమ్మ చూడాలని బయల్దేరి వచ్చిన ఆఖరి మనిషి శ్రావణమాసంలో వచ్చాడు. అతనూ రిజిస్ట్రారాఫీసు అనుకుని వచ్చాడు. కాదని తెలిశాక, ఇంతదూరం వచ్చినందుకు ఒక గది చూసి వెళ్లాడు.

పానకాలరావుది పసుపు పండే పల్లె. పట్నం కాలేజీలో బీయే చదివి, ఇరవై ఆరేళ్లుగా ఆ బంగళాకి క్యూరేటరుగా ఉంటున్నాడు. క్యూరేటరంటే ఏమిటో వాళ్ల నాన్నకి చివరిదాకా బోధపడలేదు. "బొమ్మలకి కాపలా. అయ్యీ ఎటూ పోవు, మావాడూ ఎటూ పోడు" అని ఊళ్లో చెప్పుకునేవాడు. బంగళాలో వరసగా నాలుగు గదులు, గోడలకి నూట నలభై రంగుల బొమ్మలు, ఊడ్చి తుడవడానికి పేరమ్మ. ఎవరూ రాకపోయినా ఎవరికీ ఏ లోటూ లేకుండా ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

ఐదేళ్ల కిందట ఒక సర్క్యులరు దిగింది. రోజుకి వందమంది కంటే తక్కువ సందర్శకులున్న సంస్థల్ని "సమీపంలోని సారూప్య సంస్థలో విలీనం" చేస్తారట. బొమ్మల బంగళాకి సమీపంలో ఉన్న సారూప్య సంస్థ ఏదా అని నెలరోజులు వెతికి, పశువుల ఆసుపత్రి అని తేల్చారు. రెండిటికీ పెంకుల కప్పే, రెండిటికీ ముందు వరండాయే. అంతకంటే సారూప్యం ఏం కావాలి?

మూడు రోజులు పానకాలరావుకి అన్నం సయించలేదు. నాలుగోరోజు పల్లెటూరి బుర్ర పనిచేసింది. బంగళా గేటు ముందు నిద్రగన్నేరు చెట్టు, చెట్టు కింద బస్టాపు. ఏ వేళకి చూసినా నలభై యాభై మంది చెమటలు తుడుచుకుంటూ బస్సు కోసం మెడలు సాచి చూస్తుంటారు. పానకాలరావు ఒక పెద్ద కుండ కొనుక్కొచ్చాడు. పేరమ్మ ఇంటి గేదె పాలు, పేరమ్మ చిలికిన మజ్జిగ, అందులో కాస్త ఉప్పు, అల్లం, కరివేపాకు. గేటు మీద "ఉచితం" అని అట్ట కట్టాడు. కుండని మాత్రం వరండాలో పెట్టలేదు. నాలుగో గదిలో, చిట్టచివరి గోడ వార పెట్టాడు. దప్పికైనవాడు మూడు గదుల బొమ్మలు దాటుకుని రావాలి. కుండ మూతికి పురికొసతో సందర్శకుల రిజిస్టరు కట్టాడు. సంతకం పెడితే గ్లాసు.

మొదటిరోజే రెండువందల పన్నెండు సంతకాలు! ఆ పూట పానకాలరావు తన తెలివికి తనే మురిసిపోయి, అద్దంలో మొహం చూసుకుని మీసం కూడా దువ్వుకున్నాడు. ఏడాది తిరిగేసరికి లెక్క ఆరువందలు దాటింది. పైకి పంపే నివేదికల్లో అతను అబద్ధమన్నది రాయలేదు. మజ్జిగ అన్న మాట రాయలేదు, అంతే. "ప్రజల్లో కళాభిరుచి పెంపొందించినందుకు" టౌన్‌హాల్లో శాలువా కప్పారు. శాలువా కప్పించుకుంటున్నప్పుడు నిజంగానే పెంపొందించాననిపించింది. మనిషి సంగతే అంత, భుజాన శాలువా పడితే మెడ దానంతటదే లేస్తుంది.

ఆ శాలువా ఇప్పుడు ఉరితాడై కూచుంది.

*

"తరలింపు సాధ్యాసాధ్యాల అధ్యయన ఉపసంఘం" మొదటి సమావేశం జీడిపప్పుతో మొదలైంది. అధ్యక్షుడు విరూపాక్షం గారు, రోడ్ల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. బొమ్మల గురించి తనకేమీ తెలియదని ఆయన ముందే చెప్పేశారు. తెలియకపోవడం వల్లే నిష్పాక్షికంగా ఉండగలుగుతున్నానని కూడా చెప్పారు.

"దినసరి సందర్శకులు ఆరువందల ముప్ఫై ఎనిమిది" అని చదివారాయన. "ఉన్నవి నాలుగు గదులు. అనగా తలకు రెండున్నర చదరపు అడుగులు. ఒక కళాభిమాని మోచేతులు ముడుచుకుని కళను ఆస్వాదించవలసిన దుస్థితి. ఇది నాగరిక నగరానికి శోభించదు. గుట్ట మీద నాలుగెకరాలు సిద్ధంగా ఉన్నాయి."

తర్వాత రిజిస్టరులో అభిప్రాయాల గడి తెరిచారు. "'కడుపు చల్లబడింది.' ఎంత గాఢమైన రసానుభూతి! 'ఉప్పు తక్కువైంది.' గమనించారా, ఇది విమర్శ. మన ప్రజలు మెచ్చుకునే దశ దాటి విమర్శించే దశకు ఎదిగారు. 'రెండోసారి అడిగితే ఆవిడ కసురుకుంది.' ఇది కాస్త నిగూఢంగా ఉంది, నిపుణులకు పంపుదాం."

గుట్ట ఊరికి రోడ్డున చుట్టు తిరిగి పద్ధెనిమిది కిలోమీటర్లు. అక్కడికి మేకలు తప్ప ఏదీ తనంత తానుగా పోదు. బంగళా అక్కడికి పోతే బొమ్మలకి నూకలు చెల్లినట్టే. ఇక నిజం చెప్పాలి. పానకాలరావు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ ఉప్పు సంగతి... అది మజ్జిగ గురించండి."

"మజ్జిగా?"

"నాలుగో గదిలో మజ్జిగ పోస్తామండి. దానికోసం కూడా కొంతమంది వస్తారండి."

"ఎంతమంది?"

అందరూ, అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ శాలువా అడ్డం పడింది. "ఒక సగం మందండి" అన్నాడు పానకాలరావు.

తిడతారనుకున్నాడు. విరూపాక్షం గారి కళ్లు మెరిశాయి. గుమాస్తా వైపు తిరిగి, "రాసుకోవయ్యా. ఆకర్షణ కారకం ఒకటి, మజ్జిగ. మిగతా సగం?" అన్నారు.

"వాళ్లు బస్సు కోసం ఆగినవాళ్లండి."

"కారకం రెండు, బస్టాపు. ఇంకా?"

"ఇంకా ఏముందండీ, ఎండ. నీడకోసం వస్తారు."

"నీడ ఎవరిది?"

"చెట్టుదండి."

"కారకం మూడు, చెట్టు. శభాష్ పానకాలరావు గారూ! తరలింపు చేస్తే జనం రారేమోనన్న సందేహం నాకు లోపల ఉండేది. మీ శాస్త్రీయ విశ్లేషణతో తీరిపోయింది. కారకాలన్నిటినీ తరలిస్తే జనం వాళ్లే వస్తారు."

సమావేశం చప్పట్లతో ముగిసింది. కారకాల్లో నాలుగోది బస్టాపు పక్కన ఇడ్లీ బండి. దాన్ని జీడిపప్పు అయిపోయాక చేర్చారు.

*

విషయం బయటికి పొక్కడంతో పట్నం రెండుగా చీలింది. జన్మలో బంగళా గడప తొక్కనివాళ్లు సగం మంది, దాన్ని కదిపితే ప్రాణాలిస్తామన్నారు. గడప తొక్కనివాళ్లే మిగతా సగం, గుట్ట మీదికి పోతే తప్ప కళ బతకదన్నారు. ఒక పెద్దమనిషి నిరాహార దీక్షకి కూచుని, మధ్యాహ్నానికల్లా లోపలికొచ్చి మజ్జిగ ఆహారం కిందికి వస్తుందా రాదా అని పేరమ్మని అడిగాడు. "మీ ఆకలిని బట్టి ఉంటది బాబూ" అంది పేరమ్మ.

రెండు పక్షాల ఊరేగింపులూ బంగళా ముందుకే వచ్చాయి. అరిచి అరిచి గొంతులెండి, జట్టు జట్టంతా లోపలికొచ్చి గ్లాసు పుచ్చుకుని సంతకం పెట్టి వెళ్లింది. ఆ వారం రోజువారీ లెక్క తొమ్మిదివందల నలభై దాటింది. "బంగళా పగిలిపోయేలా ఉంది, ఆలస్యం అమృతం విషం" అని విరూపాక్షం గారు అత్యవసర తీర్మానం చేశారు.

అప్పుడు పానకాలరావు తలుపేసుకుని కూచుని ఒప్పుకోలు పత్రం రాశాడు. ఇందుమూలముగా విన్నవించుకొనునది ఏమనగా, ఈ సందర్శకులందరూ దప్పికగొన్న ప్రయాణికులే. ఐదేళ్లలో నిజంగా బొమ్మలు చూసినవారు పదకొండుమంది. కావున తరలింపు ఆపవలెను, నన్ను ఏమి చేసినా సరే.

పత్రం మడుస్తుంటే గది ఊడ్వడానికి పేరమ్మ వచ్చింది. మనసాగక ఆమెకి చదివి వినిపించాడు.

"పదకొండుమందేంది?" అంది చీపురు ఆపి. "ఎవరు లెక్కేశారు?"

"నేనే. ఇదుగో, బొమ్మ పేరు రాసి సంతకం పెట్టినవాళ్లు సరిగ్గా పదకొండుమంది."

"మీరు పుస్తకం చూశారయ్యగారూ. తల పైకెత్తితేగా! ఆ రేపల్లె బస్సు కండక్టరు లేడా, గ్లాసు చేత్తో పట్టుకుని పసుపు ఉడకేసే ఆడోళ్ల బొమ్మ ముందర నిలబడతాడు. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ వొచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోతాడు. కూరగాయల గంప ముసలామె ఉంది, ఆ బొమ్మలో చంటిదాన్ని చంకనేసుకున్నామె అచ్చం మా చెల్లెలే అని వొచ్చినప్పుడల్లా చెప్పుద్ది. అందరూ చూడరు. కొందరు చూస్తారు. గోడన ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కంటబడకుండా యాడికిపోద్ది?"

పానకాలరావు పత్రం కిందికి దించాడు. పసుపు ఉడకేసే ఆడవాళ్ల బొమ్మంటే అతనికి ప్రాణం. పొయ్యిల మీద పెద్ద బానలు, ఆవిరి, పొగకి మొహం తిప్పుకుని పైటతో కళ్లు తుడుచుకుంటున్న ఒక మనిషి. కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి వాన తప్పించుకోవడానికి ఈ బంగళాలోకి పరిగెత్తుకొచ్చాడు. చొక్కా అంచుతో తల తుడుచుకుంటూ కళ్లెత్తితే ఎదురుగా ఆ బొమ్మ. మొహం తిప్పుకున్నది వాళ్లమ్మేననిపించింది. వాన వెలిశాక కూడా గంటసేపు కదల్లేదు. ఆ గంటే అతన్ని క్యూరేటర్ని చేసింది. అతను కూడా ఆనాడు బొమ్మ చూడటానికి రాలేదు! ఐదేళ్లు సంతకాలు లెక్కపెట్టి, అంత పెద్ద సంగతీ మరిచిపోయాడు. మొదట ఎక్కువ రాశాడు, ఇప్పుడు తక్కువ రాశాడు. చదువుకున్నవాడి చేతిలో కలం పడితే నిజానికి ఏదో ఒక వైపు అవిటితనం తప్పదు కాబోలు.

పత్రం చించేసి కొత్తది రాద్దామనుకున్నాడు. కొందరు చూస్తారు అన్న మాటకి ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో తోచలేదు. పాతదే పంపాడు.

పదిరోజుల్లో జవాబొచ్చింది. "తమరి తాజా వివరములు, తమరే గతంలో సమర్పించిన వివరములతో విభేదించుచున్నవి. గత వివరముల ఆధారముగా తమరిని శాలువాతో సత్కరించి ఉన్నందున అవియే ప్రామాణికములు. శాలువా వెనుకకు తీసుకొను నిబంధన ఏదియు లేదు."

*

తరలింపుని రెండు దశలు చేశారు. మొదటి దశలో కారకాలు, అవి కుదురుకున్నాక రెండో దశలో బొమ్మలు.

నిద్రగన్నేరుని వేళ్లతో సహా పెళ్లగించి లారీ మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. గుట్ట మీద నాలుగు వెదురు బొంగులు ఊతం పెట్టి నిలబెట్టారు. ఆకంతా రాలిపోయింది. "నీడ ప్రస్తుతానికి ప్రతిపాదన స్థాయిలో ఉన్నది" అని రాసుకున్నారు. బస్టాపు బెంచీలతో సహా గుట్టకెక్కింది. మార్కెట్టుకి పోవాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా గుట్ట దగ్గర దిగి బస్సు మారాలని రూట్లు తిప్పారు. దిగినవాడు దిగినట్టు రెండో బస్సు కోసం గంటసేపు కూచోవాలి. ఇడ్లీ బండి అతను రానని మొండికేస్తే, అతనికి కారకం నంబరు నాలుగని గుర్తింపు కార్డు ఇచ్చారు. మెడలో వేసుకుని వెళ్లిపోయాడు పాపం. చివరికి మజ్జిగ కుండని గడ్డిలో పెట్టి, జీపులో ముందు సీట్లో కూచోబెట్టి తీసుకెళ్లారు.

మర్నాటి నుంచి పాత బంగళాలోకి పిట్ట కూడా రాలేదు. మూడురోజులు చూసింది పేరమ్మ. నాలుగోరోజు ఇంటి నుంచి చిన్న ముంత తెచ్చి నాలుగో గదిలో పాత చోటే పెట్టింది. ఎలా తెలుసుకున్నారో, దారినపోయే రిక్షావాళ్లు, కూరగాయల ముసలామె వచ్చారు. బస్సు లేకపోయినా ఆ కండక్టరు సైకిలెక్కి వచ్చాడు. పానకాలరావు ఆ రోజు మొదటిసారి రిజిస్టరు మూసిపెట్టి మనుషుల మొహాలు చూశాడు. ముప్ఫైమంది వస్తే అయిదుగురు తలెత్తారు. అందులో ఒకతను బొమ్మ దగ్గరికెళ్లి వాసన చూశాడు, పసుపు వాసన వస్తుందేమోనని.

అయిదోరోజు నోటీసొచ్చింది. "అనధికార ఆకర్షణ" ఏర్పాటు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ముంతని పంచనామా చేసి, గుట్టకి అదనపు కారకంగా పంపించారు. బంగళాలో జనం లేరని మళ్లీ లెక్క కట్టి, "వినియోగములో లేని కట్టడము" అని గేటుకి బోర్డు తగిలించారు.

"మరి బొమ్మలో?" అనడిగాడు పానకాలరావు, విరూపాక్షం గారి గదిలో చేతులు కట్టుకుని.

"చిన్న సాంకేతిక సమస్య వచ్చింది" అన్నారాయన నమ్రతగా. "కొత్త భవనం మొత్తం అద్దాలే. గుట్ట నుంచి ఊరంతా కనపడుతుంది, అది కూడా ఒక ఆకర్షణే కదా అని గోడలు పెట్టలేదు. అద్దానికి మేకు దిగదు. గోడలు మంజూరయ్యే వరకూ బొమ్మల్ని గోతాల్లో చుట్టి పాత ఫైరు స్టేషను షెడ్డులో భద్రపరుస్తాం."

"ఆ షెడ్డు కారుతుందండీ."

"కారుతున్న సంగతి మా దృష్టిలో ఉంది. అందుకే దాన్ని ఫైరు స్టేషనుకి కేటాయించాం."

*

ప్రారంభోత్సవం రోజున గుట్ట మీద వెయ్యిమంది ఉన్నారు. అంతా బస్సు మారడానికి దిగినవాళ్లు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, చేతుల్లో ఆసుపత్రి చీటీలు. అద్దాల భవనం ఎండకి పెనంలా కాలుతోంది. ఊరు మొత్తం కనపడుతోంది. ఊరు చూడటానికి బిగించిన దుర్భిణిలోంచి కిందెక్కడో పాత బంగళా పెంకులు కనపడుతున్నాయి. దాని ముందు లారీ ఆగి ఉంది. గోతాల్లో చుట్టినవాటిని మనుషులు గడ్డి మోపుల్లా విసురుతున్నారు. పానకాలరావు అటు చూసి, చూడలేక తల తిప్పుకున్నాడు. అచ్చం బొమ్మలో ఆ మనిషి తిప్పుకున్నట్టే. భుజాన శాలువా ఉంది. కప్పుకు రావలసిందని ఆహ్వానపత్రికలో ప్రత్యేకంగా రాశారు.

హాలు నడిమధ్య పాలరాతి దిమ్మె మీద మజ్జిగ కుండ. దానికి బంతిపూల దండ. పురికొస స్థానంలో ఇత్తడి గొలుసు, గొలుసుకి కొత్త రిజిస్టరు. పక్కన పోయడానికి పేరమ్మ.

"ఈ సంస్థకు ముప్ఫై ఏళ్లుగా సేవలందిస్తున్న సామాన్య మహిళ చేత మొదటి అభిప్రాయం రాయించడం మా ఉపసంఘం ఔదార్యం" అని మైకులో ప్రకటించారు విరూపాక్షం గారు. "ఆమె చెబుతుంది, మన క్యూరేటరు గారు రాస్తారు. చెప్పమ్మా, కళాభవనం ఎలా ఉంది?"

మైకు పేరమ్మ మూతి దగ్గర పెట్టారు. పానకాలరావు కొత్త రిజిస్టరు తెరిచి, కలం మూత తీశాడు. మూటలవాళ్లు, పిల్లల తల్లులు, ఇడ్లీ బండి అతను, అందరూ ఇటు తిరిగారు.

పేరమ్మ నాలుగు వైపులా అద్దాల్ని చూసింది. చేతిలో గరిట కుండలో వేసింది.

"ఏం రాయమంటావు పేరమ్మా?" అన్నాడు పానకాలరావు మెల్లిగా.

"ఏముంది రాయడానికి? ఆడ మజ్జిగకి వొచ్చినోడి కంట్లో ఓ బొమ్మన్నా పడేది. ఈడ తలెత్తితే ఎండ పడుద్ది. రాయండయ్యగారూ, అదే రాయండి. మజ్జిగ మానేసి మిగతాదంతా రాయడం మొదలెట్టింది మీరేగా!"